బస్సు లేని ఊరికి వార్త లేదు

తప్పు మీదే. హోసూరు బస్టాండు పక్కన నగల అంగడి తెరిచిన ఫోటో చూసి, పేపరు మడిచి పెట్టేసేది మీరే.

అంచెట్టి పక్క కొండపల్లెకు బస్సు నిలిపేసినారు. ఆ ఊరి కూలామె మునెమ్మ కూతురు పరీక్షలకు అడవిదారిలో నడిచి పోతోంది. ఈ రోజు మునెమ్మను వెంటబెట్టుకుని పేపరు ఆఫీసుకు పోయినాను.

"ఆడికి మా పేపరే పోదప్పా, వేస్తే ఎవరు చదివేది?" అన్నాడు విలేకరి.

"ఎందుకు పోదు?"

"పేపర్ల కట్ట ఆ బస్సులోనే కదా పోతా ఉండింది!"

మునెమ్మ నవ్వింది. "మేము చెప్పేదానికి వచ్చింది అదే కదప్పా."

నాకు కోపం కూడా రాలేదు.

బస్సు తిరిగి రావాల.
ఆ వార్త మొదటి పేజీలో పడాల.
మీరు రేపు పొద్దున్నే ఆ ఆఫీసుకు ఫోన్ చేయాల.
అన్నీ సోమవారం లెక్కల పరీక్షలోపల జరగాల.