లోకనాథం గారి శాలువా

లోకనాథం గారు పుట్టిపెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. తండ్రి సోంపేట వైపు నుంచి వచ్చి, హోప్ టౌన్ ఒడ్డున వల లాగి కొడుకుని చదివించాడు. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని కొడుకు చేపల మార్కెట్ వీధిలో అడుగుపెట్టేవాడు కాదు. సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి, వేలిముద్రగాళ్ళని సర్వీసంతా విసుక్కుని, గుమాస్తాగానే రిటైరయ్యాడు. మిన్నీ బేలో ఇల్లు కట్టాక ఆయనకి ఒక్క లోటే మిగిలింది. ఎవరూ పిలిచి సన్మానం చెయ్యలేదు.

హోప్ టౌన్‌లో దిక్కులేని పిల్లల హోమ్ ఒకటుంది. దాని సెక్రటరీ యుగంధర్ ఈ లోటుని ఇట్టే పసిగట్టాడు. "మా పెద్దపిల్లలు రేపు బయటికెళ్ళి బతకాలి. డబ్బు ఎలా దాచుకోవాలో, ఎలా ఖర్చుపెట్టుకోవాలో కాస్త నేర్పండి. వార్షికోత్సవానికి శాలువా కప్పుతాం" అన్నాడు. లోకనాథం గారికి ఆ చివరి మాటే వినపడింది. ఆదివారం ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అవతలి ఒడ్డుకి చాతం రేవులో ఫెర్రీ ఎక్కేవాడు. పక్కన చేపల బుట్ట కనిపిస్తే ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకునేవాడు.

పాఠాలన్నీ ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో చార్టుల మీద రాసి తెచ్చాడు. ఆ పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు, బడిలో అంతా హిందీయే. ఈ దీవుల్లోనే పుట్టిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు. పైగా, "సముద్రం మీద బతికేవాళ్ళ పిల్లలు. వీళ్ళ దగ్గర పైసా నిలుస్తుందా" అని గొణుక్కున్నాడు, తను తిన్నది ఏ కూడో మర్చిపోయి. చివరికి ఎక్కాల్లా బట్టీ పట్టించాడు.

"ఖాళీ స్లిప్పు మీద?" అని ఆయన అడగాలి.

"సంతకం పెట్టం" అని పిల్లలు అరవాలి.

అందరూ అరిచారు. చిట్టితల్లి ఒక్కతే దాన్ని మనసులో పెట్టుకుంది. ఆ పిల్ల తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆయన పోయినందుకు వచ్చిన పరిహారం ఆమె పేరున బ్యాంకులో ఉంది. పద్దెనిమిది నిండాయి గనక పాస్‌బుక్ చేతికొచ్చింది, హోమ్ వదలాల్సిన రోజూ వచ్చింది. నర్సింగ్‌లో చేరడానికి ఆ డబ్బే ఆధారం.

యుగంధర్ ఆ పిల్లనీ లోకనాథం గారినీ ఆఫీసుగదిలోకి పిలిచాడు. బల్ల మీద ఏమీ రాయని విత్‌డ్రాయల్ స్లిప్పు పెట్టాడు.

"హోమ్‌కి కొత్త షెడ్డు వెయ్యాలి. ఇన్నేళ్ళు తిండి పెట్టాం కదా బేటీ. సంతకం పెట్టెయ్, అంకె మేం వేసుకుంటాం."

చిట్టితల్లి లోకనాథం గారి వైపు చూసింది. "సార్, ఇందులో కుచ్ భీ రాయలేదు కదా."

ఆయన చూపు గోడవార నిలబెట్టిన ఫ్లెక్సీ మీదుంది. దాని మీద ఆయన ఫొటో, కొత్తపెళ్ళికొడుకులా నవ్వుతూ. "పెద్దవాళ్ళు అడుగుతుంటే కాదంటారా అమ్మా. పెట్టెయ్" అన్నాడు.

"అయితే క్లాసులో అడిగినట్టు ఒక్కసారి అడగండి సార్. నేను జవాబు చెప్తాను."

లోకనాథం గారు అడగలేదు. వేలిముద్రగాళ్ళ మీద అంత లేచిన నోటితో ఫ్లెక్సీ మీది దుమ్ము ఊదుకున్నాడు. ఇంత పిరికిమనిషి దగ్గరా ఆ పిల్ల ధైర్యం నేర్చుకున్నది అని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చిట్టితల్లి పెన్ను బల్ల మీద పెట్టి, పాస్‌బుక్ సంచిలో వేసుకుని లేచింది.

"ఏం నేర్పారండీ దీనికి?" అన్నాడు యుగంధర్.

లోకనాథం గారు చేతులు జోడించాడు. "అబ్బే, ఇది నేను నేర్పింది కాదండీ."

గుమ్మం దాటుతున్న చిట్టితల్లి ఆ మాట విన్నది. వెనక్కి తిరగలేదు, జెట్టీకి వెళ్ళే ఆటో ఎక్కేసింది.

శాలువా మాత్రం అన్న రోజుకే కప్పారు. పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించారు.