పారే నీళ్లు

మా ఆయన బొగ్గుగనిలో దిగి మమ్మల్ని పోషించిన మనిషి. రిటైరయ్యాక, డెట్రాయిట్ పక్కనే ఉన్న ట్రాయ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. అక్కడ నేను లైబ్రరీ బాట పట్టాను. ఏడో తరగతి చదువుతో, ఒళ్లో డిక్షనరీ పెట్టుకుని, ఈ రాష్ట్రం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివింది అన్నాల దగ్గర ఆయనకు చెప్పేదాన్ని. ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డున, ఒకప్పుడు రాగి తవ్విన రేవు ఊరొకటి ఉందని చెప్పిన రోజు ఆయన ముద్ద కలపడం ఆపాడు.

“గని బందయినంక ఊరు ఎట్లుంటదో జూడాలె. ఎండకాలం పోదాం.”

ఎండాకాలం వచ్చింది. ఆయన చలికాలంలోనే పోయాడు. రోజూ పొద్దున నీళ్లు తాగిన రాగి చెంబులో అస్థికలు పోసి, ఒళ్లో పెట్టుకుని కార్‌లో కూర్చున్నాను. అమ్మాయి రోజంతా డ్రైవ్ చేసింది.

రేవులో రెండు పడవలున్నాయి. చెట్ల పైన గని పొగగొట్టం, దాని కింద తవ్విపోసిన రాళ్ల గుట్ట. మా ఊళ్లో షిఫ్టు సైరన్‌తోనే పొయ్యి వెలిగేది. ఇక్కడ గాలి తప్ప చప్పుడు లేదు. గని మూతపడ్డ ఊరు ఇలా ఉంటుందని ఆయనకు చెప్పడానికి పక్కకు తిరిగాను.

నీళ్ల దగ్గర అమ్మాయి ఆగిపోయింది.

“అమ్మా, ఇది లేక్ గదా. పారే నీళ్లల్లనే కలపాలె అంటరు. నాన్న ఇక్కడ్నే నిలిచిపోతడేమో?”

“నిలవడు బిడ్డా. నేను చదివిన. ఈ నీళ్లు కింది సరస్సుల్లకు పోతయి. డెట్రాయిట్ పక్కపొంటి పారుకుంట పోయి సముద్రంల కలుస్తయి.”

“మన డెట్రాయిట్? అంటే నాన్న మన దిక్కే వస్తడా?”

“వస్తడు.”

అప్పుడు చెంబు తీసుకుని తనే వంచింది. బూడిద కాసేపు రాళ్ల మధ్య తెల్లగా తేలి, కిందికి దిగింది.

“ఎన్ని దినాలు పడ్తదమ్మా?”

అదే పుస్తకంలో, అదే పేజీలో ఉంది. ఈ సరస్సులో చేరిన నీరు బయటపడడానికి ఇంచుమించు రెండు వందల ఏళ్లు పడుతుందట.

“మెల్లగ వస్తడు,” అన్నాను. “గనిల అరిగిన మోకాళ్లు. ఆయన నడక నీకెరికే గదా.”

అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడు ఆదివారాలు నన్ను డెట్రాయిట్ నది ఒడ్డుకు తీసుకెళ్తుంది. కాఫీ చల్లారేదాకా ఎగువకు చూస్తూ కూర్చుంటుంది. పక్కన నేనూ అటే చూస్తాను.