మామగారికి చదివి చెప్పిన వార్తలు

కరోనా వచ్చిన ఆ మార్చిలో మా మామగారికి కుడికంటి శుక్లం తీయించాం. ఆపరేషన్ అయిన నాలుగో రోజున, వాళ్లమ్మను కూడా తీసుకొస్తానని మా ఆవిడ రావులపాలెం వెళ్లింది. రెండు రోజుల్లో తిరిగి రావాలి. ఈలోగా ఆదివారం కర్ఫ్యూ అన్నారు, ఆ వెంటనే బస్సులూ రైళ్లూ అన్నీ ఆగిపోయాయి. నగర శివార్లలో, దేవరయాంజాల్ దాటాక పొలాల మధ్య కొత్తగా వేసిన కాలనీలో, రెండు గదుల ఇంట్లో, నేనూ మామగారూ మిగిలాం.

పెళ్లయి పదకొండేళ్లయినా ఆయనతో నేను పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. ఆయన నన్ను ‘అల్లుడుగారూ’ అంటారు. నేను ఆయన్ను ఏమీ అనను, దగ్గరికెళ్లి నిలబడతాను. ఇప్పుడేమో రెండు గంటలకోసారి ఆయన కంట్లో చుక్కలు వెయ్యాలి. ఎడమ కంటికి శుక్లం ఇంకా అలాగే ఉంది. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ అక్షరం తెలియదు. టీవీ వైపు చూడొద్దని డాక్టరు చెప్పాడు. ముప్పై ఏళ్లపాటు పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివిన మనిషి ఆయన. టీవీలో మాట్లాడేది వినిపిస్తుంది, కింద పరిగెత్తే అక్షరాలు మాత్రం నేను చదివి చెప్పాలి. అదొక పని, వంట రెండో పని. నాకు రెండూ రావు.

“ఇద్దరికీ గ్లాసున్నర బియ్యం చాలు” అని మా ఆవిడ ఫోన్లో చెప్పింది. ఏ గ్లాసో చెప్పలేదు. నేను మంచినీళ్లు తాగే పెద్ద గ్లాసుతో పోశాను. నలుగురికి సరిపడా అన్నమైంది. మర్నాడు తగ్గిద్దామనుకున్నాను గానీ, సరుకులు దొరకవేమోనన్న భయంలో చెయ్యి ఎందుకో ఇంకా ఎక్కువే పోసింది. మూడో రోజుకి ఫ్రిజ్‌లో మూడు గిన్నెల అన్నం, ఒక గిన్నె పప్పు, ఎవరూ ముట్టని ఉప్మా చేరాయి.

పారేద్దామా అని అడిగాను. మామగారు నల్లకళ్లద్దాలు సర్దుకుని, “ఒక్కో గిన్నే ఇలా తెండి” అన్నారు. వాసన చూసి, వేలితో అన్నం మెదిపి, ఏది తినొచ్చో ఏది పనికిరాదో చెప్పారు. బదిలీల మీద ఊళ్లు తిరిగిన మాస్టారు కాబట్టి ఒంటరిగా వండుకున్న రోజులు చాలానే ఉన్నాయట. వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని నా చేత చేయించారు. మిగిలిన ఉప్మాలో బియ్యప్పిండి, ఉల్లిపాయలు కలిపి నూనెలో వేయించాం. పప్పులో చింతపండు పులుసు పోసి మరిగించాం. అన్నం మెత్తగా మెదిపి శనగపిండితో పకోడీలు చేశాం. “ఇప్పుడు తిప్పండి” అని శబ్దాన్ని బట్టే చెప్పేవారు. నేను తిప్పేసరికి సగం మాడేవి.

వార్తల సంగతి అంత సులువుగా లేదు. ఒక చానల్లో పెరుగన్నం ఒంటికి బలమన్నారు. ఇంకో చానల్లో చల్లటిదేదీ నోట పెట్టొద్దన్నారు. మాస్కు జబ్బు ఉన్నవాళ్లకేనన్నారు, తర్వాత అందరికీ అన్నారు. ఉదయం కూరగాయలు ఉప్పునీళ్లలో కడిగితే సాయంత్రం కడగాల్సింది వేడినీళ్లతో అని చెప్పారు. నేను ఉన్నదున్నట్టు చదివేవాణ్ని.

“అయితే చద్దన్నం తినొచ్చా, తినకూడదా?” అనేవారు మామగారు.

“తెలియడం లేదండీ.”

“మీరు చదవడంలో తేడా లేదు కదా?”

లేదనేవాణ్ని. కానీ అంత వేగంగా పోయే అక్షరాల్లో ఏది చూశానో ఏది ఊహించానో నాకే అనుమానంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం కింద వరసలో మా కాలనీ పేరు కనిపించింది. మేడ్చల్ జిల్లా, ఫలానా కాలనీ, రాకపోకలు బంద్. ఆయన నా పక్కనే ఉన్నారు.

“ఏమంటున్నారు?”

“గుళ్లు ఇంకా తెరవరట” అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కన్ను మానుతున్న పెద్దాయన, రక్తపోటు ఉంది, కూతురు దగ్గర లేదు. ఆ క్షణంలో గుళ్లు తప్ప నాకేమీ తోచలేదు.

ఆ సాయంత్రమే గేటుకి తాళం వేశాను. మేడ మీదికెళ్లి చూస్తే వీధి చివర పోలీసులూ లేరు, అడ్డంగా కర్రలూ లేవు. ఎదురింటివాళ్లు తీగ మీద బట్టలు ఆరేస్తున్నారు. వాళ్లకు తెలియదా, లేక జబ్బు వాళ్లింట్లోనేనా? టీవీలో చూపించిన నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపటికి కలిసింది. “లిస్టులో ఉంది సార్” అన్నాడు ఒకాయన. ఏ వీధి అని అడిగేలోగా లైను పోయింది. ఆపైన కలవలేదు.

మూడు రోజులు పాలు తీసుకోలేదు, కూరలు కొనలేదు. మిగిలిన దాంట్లో మిగిలింది తిన్నాం. పప్పుచారుని మళ్లీ పల్చన చేశాను. రొట్టె ముక్కలు తిరగమోతలో వేశాను. గొంతులో గరగరగా అనిపించి వంటింట్లో రహస్యంగా వేడినీళ్లు తాగాను. మామగారు మాత్రం ఏమీ అడగలేదు. పాలు ఎందుకు లేవని కూడా అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

నాలుగో రోజు పొద్దున శనగపిండి కలుపుతుంటే గుమ్మం దగ్గర నుంచి అన్నారు:

“అల్లుడుగారూ, మీకు దగ్గేమన్నా వస్తోందా?”

“లేదండీ.”

“నిజం చెప్పండి. మన కాలనీ పేరు టీవీలో వేశారట కదా.”

“మీకెవరు చెప్పారు?” అన్నాను. వార్త వచ్చిన రోజే కూతురు ఆయనకు ఫోన్ చేసి చెప్పిందట. “ఆయన అసలే భయస్థుడు, ఆయనకి చెప్పకు నాన్నా” అని మాట తీసుకుందట. అంటే మూడు రోజులుగా ఆయన నా దగ్గర దాచారు, నేను ఆయన దగ్గర దాచాను, మా ఆవిడా నా దగ్గరే దాచింది. కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. నేను స్టవ్ వెలిగించాను.

పకోడీలు సగం వేగాయో లేదో గేటు చప్పుడైంది. దేవరయాంజాల్ నుంచి రోజూ నడిచొచ్చి ఆకుకూరలు అమ్మే ఆమె. నెత్తిన గంప, మూతికి కొంగు.

“ఏంది సారూ, మూడు దినాల సంది దర్వాజ తీస్తలేరు. పెద్దసారుకేమన్న అయిందా?”

“దూరంగా ఉండమ్మా. ఈ కాలనీలో జబ్బు వచ్చిందని టీవీలో చెప్పారు.”

“గీ కాలనీలనా? ఎవరికి?”

“తెలీదు.”

ఆమె గంప దించింది. “గది గీడ గాదు సారూ. నాగారం దిక్కు గీ పేరుదే ఇంకో కాలనీ ఉన్నది. మా ఆడబిడ్డ గాడనే ఉంటది. గల్లీకి కట్టెలు అడ్డం కట్టిండ్రంట, పిల్లలను పట్టుకొని లోపట్నే ఉన్నది. మీ గల్లీవోళ్లందరు నా తాన రోజు కొంటనే ఉన్నరు.”

మాది దేవుడి పేరున్న కాలనీ. అలాంటివి ఊరిచుట్టూ ఎన్ని ఉంటాయో నేను ఆలోచించనే లేదు. హాయిగా అనిపించింది. ఆ వెంటనే ఆమె ఆడబిడ్డ గుర్తొచ్చి, అలా అనిపించడం తప్పేమో అనుకున్నాను.

“బందు ఎప్పుడు ఎత్తేస్తరంట సారూ? మీరు దినమంత టీవీ జూస్తరు గదా. మా ఇంటాయన కూలికి పోక మస్తు దినాలాయె.”

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వార్తలు చదివి వినిపించేవాణ్ని. ఆమెకు చెప్పడానికి ఒక్క మాట లేదు. లోపలికెళ్లి వేగిన పకోడీలు గిన్నెలో తెచ్చాను. చేతికివ్వొచ్చో లేదో తెలియక గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె కొంగులోకి ఒంపుకుని, ఒకటి అక్కడే నోట్లో వేసుకుంది.

“ఉప్పు తక్కువైంది” అని చెప్పి, రెండు కట్టల గోంగూర గోడ మీద పెట్టి వెళ్లిపోయింది.

లోపల మామగారు అంతా విన్నారు. “రాత్రి అన్నం ఎంత మిగిలింది? గోంగూర కలుపుకుందాం” అన్నారు, అంతే. కాలనీ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి టీవీ దగ్గర నేను నోరు తెరవగానే, “చదువుతున్నారా, చెబుతున్నారా?” అని అడగడం మొదలుపెట్టారు. చదువుతున్నాననే అనేవాణ్ని. ఆయన నమ్మారో లేదో ఆ నల్లకళ్లద్దాల వెనక నాకు కనిపించేది కాదు. టీవీలో ఆ వార్తను ఎవరూ సరిచేయలేదు, కనీసం నేను చూడలేదు.

మే నెలలో పాస్ దొరికి మా ఆవిడా అత్తగారూ కారులో వచ్చారు. ఆ వార్త రావులపాలెంలో టీవీలో ఎలా కనిపించిందో, నాకెందుకు చెప్పలేదో అడిగాను. “మీరు నాకెందుకు చెప్పలేదు?” అంది. మామగారు పక్కనే కూర్చుని గోంగూర ఆకులు వలుస్తున్నారు. తల ఎత్తలేదు గానీ, ఆయన నవ్వుతున్నారని నాకు అనిపించింది. నవ్వేనో కాదో అడగలేదు.