మల్‌రానీ దాకా వెనకే తొక్కాను

మొన్న ఆదివారం సిటీవెస్ట్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, పక్క ఫ్లాట్‌లో ఉండే తెలుగు జంట టీకి వచ్చారు. ఈమధ్యే పెళ్ళైనవాళ్ళు, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. వచ్చే నెలలో వారం రోజులు సెలవు పెట్టి పడమటి తీరానికి వెళ్తామనీ, పట్టాలు తీసేసిన పాత రైలు దారుల మీద బ్యాటరీ సైకిళ్ళతో తిరిగొస్తామనీ ఆ పిల్ల ఉత్సాహంగా చెబుతూ చెబుతూ నా వైపు తిరిగి, "ఆంటీ, మీరెప్పుడైనా సైకిల్ తొక్కారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే మావారు కప్పులోంచి తల ఎత్తకుండా, "మీ ఆంటీ నన్నొదిలేసి మరీ తొక్కింది" అన్నారు. వాళ్ళు అదేదో హాస్యమనుకుని నవ్వారు, మేమూ నవ్వాం. తిరిగి మా ఊరు లిమరిక్ వచ్చేదాకా కారులో మాత్రం ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మా వయసు వాళ్ళకైతే అర్థమవుతుందని చెబుతున్నాను. మావారిది మందుల ప్లాంట్లు మొదలుపెట్టే ఉద్యోగం. ఖాళీ షెడ్డులో యంత్రాలు దించిన దగ్గర్నుంచి, మొదటి మందు బయటికి వచ్చి, తనిఖీకి వచ్చినవాళ్ళు సరేననే దాకా ఆయనకు నిద్రాహారాలు గుర్తుండేవి కావు. ఆ సరేనన్న మర్నాటి నుంచి మాత్రం కుర్చీలో ముళ్ళు మొలిచినట్టు ఉండేది. గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి పచార్లు, అర్ధాంతరంగా లేచి కారు కడగడాలు, ఎవరెవరికో ఫోన్లు. ఆ పచార్లు మొదలైతే నేను అట్టపెట్టెలు వెతుక్కోవాల్సిందే. పటాన్‌చెరు నుంచి గుజరాత్, అక్కడి నుంచి మస్కట్, ఆ తర్వాత కార్క్, వాటర్‌ఫోర్డ్, చివరికి లిమరిక్. ప్రతి ఊళ్ళోనూ మంచి కరివేపాకు ఏ కొట్లో దొరుకుతుందో తెలిసేసరికి ఊరు మారిపోయేది. నేను చదివిన ఫార్మసీ చదువు పెట్టెలోనే ఉండిపోయింది.

లిమరిక్‌లో మొదటిసారి ఆ పెట్టె తెరిచాను. ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం దొరికింది. కారు నడపడం నేర్చుకున్నాను. అమ్మాయి ఇక్కడి ఆడపిల్లలు కర్రలతో ఆడే కామోగీ జట్టులో చేరి, మోకాళ్ళు దోక్కుపోయి బురదతో ఇంటికొచ్చేది. నేను తెలుగులో తిడితే, నాకేం కాలేదన్నట్టు అచ్చం లిమరిక్ యాసలో, "అయామ్ గ్రాండ్, మమ్" అనేసి మేడెక్కేది. పక్కింటావిడ మా ఇంటి తాళం ఒకటి తన దగ్గర ఉంచుకునేది. చిన్న విషయమే కానీ, అంతకుముందు ఏ ఊళ్ళోనూ మా తాళం ఇంకొకరి దగ్గర లేదు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం అన్నం తింటూ ఆయన సింగపూర్ సంగతి చెప్పారు. కొత్త ప్లాంటు, పెద్ద హోదా, వచ్చే శుక్రవారం లోపు అవునో కాదో చెప్పాలి. ఆ వారమే మేమిద్దరం సైకిళ్ళ మీద తిరగడానికి సెలవు పెట్టుకుని ఉన్నాం. నాతో పనిచేసే ఒకావిడ వెళ్ళొచ్చి ఊరించి చెప్పిన ప్రయాణం అది. మానేద్దామంటారేమో అనుకున్నాను. మంచిదే, తీరిగ్గా మాట్లాడుకుని తేల్చుకోవచ్చు అన్నారు ఆయన. అమ్మాయిని దాని స్నేహితురాలి ఇంట్లో వదిలి, మేం కారులో వెస్ట్‌పోర్ట్ వెళ్ళాం. కారు అక్కడే పెట్టేసి, రెండు సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం.

నేను సైకిలు నేర్చుకున్నది తణుకులో, మా అన్నయ్య సైకిలు మీద. సీటు అందే ఎత్తు లేక, బారు కింద నుంచి కాలు దూర్చి ఒంటి పక్కన వేలాడుతూ తొక్కేదాన్ని. అన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఎక్కి, కాసేపు అటూ ఇటూ ఊగి, పట్టు దొరికాక గుండెలోకి చల్లగాలి దూరినట్టయింది. మేం వెళ్ళిందీ పట్టాలు తీసేసిన అలాంటి పాత రైలు దారే, ఎక్కడా పెద్ద ఎత్తు లేదు. ఒక పక్క సముద్రపు పాయ, అందులో చెల్లాచెదురుగా చిన్న చిన్న దీవులు, వెనక మొనదేలిన కొండ. దారి రైతుల పొలాల మధ్య నుంచి పోతుంది కాబట్టి గొర్రెలు బయటికి రాకుండా మాటిమాటికీ గేట్లుంటాయి. తెరవాలి, దాటాలి, మూయాలి.

ఆయన తొక్కుడులో తీరిక అన్నదే లేదు. సెలవును కూడా కొత్త ప్లాంటులా చూశారు. ఎంత దూరం వచ్చాం, ఇంకెంత ఉంది, ఎదురుగాలి లేకపోతే ఇంకెంత పోయేవాళ్ళం. ముందు దూసుకుపోయి, గేటు దగ్గర సైకిలు ఆనించి, సిగ్నలు కోసం ఫోను ఆకాశానికి ఎత్తి నిలబడేవారు. నేను చేరగానే సింగపూర్ మొదలయ్యేది. అక్కడ బోలెడంత మంది తెలుగువాళ్ళు, గుడి దగ్గర్లోనే, కరివేపాకు చెట్టే పెంచుకోవచ్చు, అమ్మాయికి బడి మారడం అలవాటేగా. నేను ఊఁ అనేదాన్ని. పెళ్ళైన దగ్గర్నుంచి మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ నా ఊఁ మీదే నడిచాయి. ఆయన తృప్తిగా మళ్ళీ ముందుకు పోయేవారు.

నాకూ మనసు నిలకడగా లేదు, కానీ అది ఆయన తొందర లాంటిది కాదు. చెప్పాల్సిందేదో గొంతు దాకా వచ్చి, గేటు మూసే లోపల దిగిపోయేది. న్యూపోర్ట్‌లో మేం బస చేసిన ఇంటావిడ పెద్దావిడ, మాటకారి. పొద్దున టోస్టులు తెచ్చిపెడుతూ, మీ ఇల్లెక్కడ అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆయన, ప్రస్తుతానికి లిమరిక్ అన్నారు. ఆ ప్రస్తుతానికి అన్న మాట మేజోడులో దూరిన పల్లేరుకాయలా పట్టుకుంది. ఆ రోజంతా రైలు దారి వదిలి పల్లెదారుల్లో తిరిగాం. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచిన సందులు, రెండు పక్కలా ఎర్రటి పూలు వేలాడే పొదలు, ఎక్కడి నుంచో, ఇక్కడివాళ్ళు పొయ్యిల్లో కట్టెల బదులు కాల్చే మట్టిగడ్డల పొగ వాసన. ఏదీ నా కంటికి ఆనలేదు. పెడలు తొక్కినప్పుడల్లా అదే మాట గుచ్చుకుంది.

బుధవారం మల్‌రానీ చేరాం. అక్కడ ఒక రాత్రి ఉండి మర్నాడు ఆకిల్ దీవికి వెళ్ళాలన్నది అసలు ఏర్పాటు. కానీ ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ రోజే ఆకిల్ వంతెన దాకా పోయి వెనక్కి వచ్చేస్తే, రేపటికల్లా వెస్ట్‌పోర్ట్ చేరొచ్చు, అక్కడ సిగ్నలు బాగుంటుంది, తాపీగా సింగపూర్‌కి ఫోన్ చేసుకోవచ్చు. అలా అని, నా ఊఁ కోసం కూడా ఆగకుండా సైకిలెక్కి మలుపు తిరిగిపోయారు.

నేను కొంత దూరం తొక్కాను. కింద, రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఉప్పు పర్ర కనిపించింది. పచ్చటి గడ్డి, దాన్ని కోసుకుంటూ పాములా నీటి పాయలు, వాటి మీదుగా అవతలి ఒడ్డుకు సన్నటి కాలిబాట వంతెన. ఏమనుకున్నానో నాకే తెలియదు. దిగి, సైకిలు గోడకు ఆనించి, ఫోను ఆపేసి, వంతెన మీదుగా నడిచిపోయాను.

అవతల గులకరాళ్ళ ఒడ్డు. బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెడితే చలికి ఎముకలు జివ్వుమన్నాయి. మళ్ళీ వచ్చి రాళ్ళ మీద కూర్చున్నాను, లేచాను, నడిచాను, కూర్చున్నాను. ఆయన పచార్లు నాకు అంటుకున్నట్టున్నాయి. చెప్పాల్సింది ఒక్కసారి పైకి అని చూద్దామని సముద్రం వైపు తిరిగి గట్టిగా తెలుగులో అన్నాను. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన వెనకే ఉన్నాడని చూసుకోలేదు. అతను టోపీ సర్దుకుని, ఈ రోజు వాతావరణం పర్వాలేదులే అని నాతో ఏకీభవిస్తున్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గు, వెంటనే నవ్వు. 

మావారు ఆకిల్ వంతెన దగ్గర చాలాసేపు ఎదురుచూశారట. నా ఫోను మోగకపోయేసరికి కంగారుపడి, ఎదురుగాలిలో ప్రతి కాలవలోకీ తొంగి చూసుకుంటూ వెనక్కి వచ్చారట. ఒక కొట్లో అడిగితే, ఎందుకైనా మంచిది గార్డులకు చెప్పండి అన్నారట. పోలీసులకు ఫోన్ చేయబోతూ గోడకు ఆనించిన నా సైకిలు చూశారు. తల మీద హెల్మెట్ కూడా తీయకుండా వంతెన మీద పరుగెత్తుకొచ్చారు. ఆయన అలా పరుగెత్తడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"ఎక్కడో పడిపోయావనుకున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా!" అన్నారు, ఆయాసంతో సగం మాట మింగేస్తూ.

"పడలేదండీ, ఆగాను. ఫోన్ చేస్తే మీరు రమ్మంటారు."

"రమ్మనక? ఏమిటిది, పెద్దదానివై ఉండి?"

నోటి దాకా వచ్చిన మాట మళ్ళీ దిగిపోతుందేమోనని గబగబా అనేశాను. "సింగపూర్ నేను రానండీ. మీకు వెళ్ళాలనుంటే వెళ్ళండి, నేను అడ్డం రాను. అమ్మాయీ నేనూ ఇక్కడే ఉంటాం."

ఆయన నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశారు. "ఇన్ని రోజుల్నుంచీ ఊఁ అంటున్నావు కదా?"

"ఊఁ అంటే వింటున్నానని."

"అంతకుముందు? కార్క్‌కీ, వాటర్‌ఫోర్డ్‌కీ?"

"అప్పుడూ విన్నాను."

ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టుకుని, నాకు కాస్త దూరంగా రాళ్ళ మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఇంకొక మనిషి కూర్చునేంత చోటు. ఆటుపోటు తిరిగి పర్రలోకి నీళ్ళు ఎక్కడం మొదలయ్యే వరకు అలాగే ఉన్నాం.

గురువారం ఆకిల్ వెళ్ళాం.  కోపం వల్ల మరీ వేగంగా పోతారనుకున్నాను, కానీ నా వెనకే వచ్చారు. వెనక చక్రం చప్పుడు వినిపిస్తుంటే ప్రతి మలుపు దగ్గరా ఇప్పుడేమంటారో అని చెవి అటే వేసేదాన్ని. ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున మేం బస చేసిన చోటు నుంచి ఆయన ఒక్కరే బయటికి వెళ్ళి, ఇసుకలో అటూ ఇటూ నడుస్తూ ఫోన్ మాట్లాడటం కిటికీలోంచి చూశాను. అడగకూడదని పళ్ళు బిగించి, ఉన్న బట్టలే మళ్ళీ మళ్ళీ మడతపెట్టాను. లోపలికొచ్చి బూట్ల ఇసుక దులుపుకుంటూ, "వస్తున్నానని చెప్పాను. ఒక్కణ్ణే" అన్నారు.

చిత్రమేమిటంటే, తిరుగు ప్రయాణమే నిజమైన సెలవులా గడిచింది. తేలాల్సింది తేలిపోయింది. వీపు మీద నీలం రంగు పూసిన గొర్రెలు దారికి అడ్డం పడుకుంటే లేపకుండా అవి లేచేదాకా నిలబడ్డాం. టీ ఎక్కడ తాగుదాం అని ఆయన నన్ను అడిగారు. అడిగితే ఏం చెప్పాలో వెంటనే తోచలేదు నాకు.

ఆయన వెళ్ళారు. నేనూ అమ్మాయీ లిమరిక్‌లోనే ఉన్నాం. మొదటి చలికాలం ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయినప్పుడు, అమ్మాయి ఆటలో చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, ఎందుకీ పంతం అనుకోకపోలేదు. మా వాళ్ళలో కొందరు ఏమేమో అనుకున్నారు కూడా. ఆయన సెలవులకు వచ్చినప్పుడల్లా కొంచెం చిక్కి, కొంచెం నెమ్మదించి కనిపించేవారు. అక్కడి ప్లాంటు కూడా కుదురుకున్నాక, ఇంకో దేశానికి పిలుపొస్తే కాదని, తిరిగొచ్చి ఇక్కడే ఒక పాత ప్లాంటులో యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరారు. నా కోసమా, ఒంటరి వంటతో విసుగెత్తా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు ఇద్దరం ఉద్యోగాలు మానేశాం. ఆయనకు పెరట్లో గాజుగది ఉంది, అందులో గోంగూర, టమాటాలు, మెంతికూర. పక్కింటివాళ్ళ కుక్కకు ఎప్పుడు సూది వేయించాలో కూడా ఆయనకే గుర్తు. మొన్న సిటీవెస్ట్‌లో రాత్రి ఉండిపొమ్మని అమ్మాయి ఎంత బతిమాలినా, మొక్కలకు నీళ్ళెవరు పోస్తారంటూ నన్ను లేవదీశారు. వీధిలో ఎవరిల్లు ఎక్కడని అడిగినా జనం ఆయన్నే చూపిస్తారు. ఆ రోజు రాళ్ళ మీద కూర్చుని నేను కోరుకున్నదంతా ఆయనకే దక్కింది.

నాకే కాలు నిలవడం లేదు. పొద్దున్నే లేచి ఇల్లంతా రెండుసార్లు తుడుస్తాను, వానలోనే నది ఒడ్డుకు నడిచి వస్తాను, ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నామంటే ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళని ఆరా తీస్తాను. ఆ పిల్ల సైకిళ్ళ కబుర్లు చెబుతుంటే నా మడమలు కుర్చీ కింద కదులుతూనే ఉన్నాయి. ఒకప్పుడు ఆయన వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడితే చాలు, ఈసారి ఏ దేశమో, ఎక్కడికి రమ్మంటారో అని ప్రాణం గుబగుబలాడేది. ఇప్పుడు ఆ గుమ్మంలోనే నిలబడి కూరకు ఏం కోసుకురమ్మంటావని అడుగుతారు. ఎక్కడికీ రమ్మనరు.