అక్క కుంకుమ భరిణ

నేను చేసిన పీట ఎక్కితే అదే ముందుకు వంగి మనకు నమస్కారం పెట్టేది. అలాంటి నేను పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో, శేరిలింగంపల్లిలో మా ఇంటి తలుపులకు పోగా మిగిలిన టేకు, వేప ముక్కలను వలయాలుగా అతికించి, అక్క పెళ్లికి కుంకుమ భరిణ చేద్దామని చెక్కను తిప్పుతూ చెక్కే లేతు మీద పెట్టాను. అది తిరుగుతుంటే ముక్కల మూలలన్నీ మాయమై, గాలిలోంచి ఒక గుండ్రదనం పుట్టింది. ఆగాక చూస్తే ముక్కలు పూరేకుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"మంచిగున్నది గాని తమ్మీ, అతుకుల్లకెల్లి కుంకుమ కారితే అత్తోళ్లు అపశకునమంటరు. అట్లయితే తీస్కపోను," అంది అక్క.

భరిణ నిండా కుంకుమ పోసి, మూత పెట్టి, తెల్ల తువ్వాలు మీద గట్టిగా ఊపింది. నేను వంగి చూశాను. తువ్వాలు తెల్లగానే ఉంది.

ఆ తువ్వాలుతోనే భరిణను చుట్టి, పట్టుచీరల మధ్య పెట్టుకుంటూ, "నిజం చెప్పు, గిది నువ్వు చేసిందేనా?" అంది.

నాకూ అదే అనుమానం.