ఏడు నూనె చుక్కలు

పక్షవాతంతో అమ్మ ఎడమ చెయ్యి పడిపోయి మంచం పట్టాక, పామర్రు నుంచి బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. నూనె రాస్తే చెయ్యి తిరిగొస్తుందా అని డాక్టరుగారిని అడిగాను. రాదండీ, చర్మం పగలకుండా ఉంటుందంతే అన్నారు. నేను వింటేగా! వన్ టౌన్‌కి పోయి గానుగ నువ్వుల నూనె కొన్నాను. చిన్న సీసాలో లావెండర్ నూనె తెప్పించాను. చెంచాడు నువ్వుల నూనెలో అది ఒక్క చుక్క, అంతే. ఎక్కువైతే చర్మం మండుతుంది, మొద్దుబారిన చెయ్యి మండినా అమ్మకు తెలియదు. అందుకే ముందు నా మోచేతి మడతలో రాసుకుని చూశాను. ఆ చెయ్యి ఒక్కసారి కదిలితే చాలని రోజూ పొద్దున్నే అరగంట రాసేదాన్ని.

అమ్మకొక పట్టింపు. ఒంటికి నూనె పెట్టేముందు ఏడుగురు చిరంజీవులను తలుచుకుని నేల మీద ఏడు నూనె చుక్కలు పెట్టాలి. రాయించుకునేవాళ్ల ఆయుష్షు కోసమట. చిన్నప్పుడు నాకు తలంటినప్పుడల్లా పెట్టేది. నాకేమో అవతల ఆఫీసు టైము. టైల్స్ మీద జిడ్డు ఎవరు తుడుస్తారు? పైగా మంచం మీద నుంచి ఆవిడకు నేల కనపడదు. "చుక్కలు పెట్టావా?" అని ముద్దముద్దగా అడిగేది. పెట్టానమ్మా అనేదాన్ని. సిగ్గు లేకుండా రెండు నెలలు అదే అబద్ధం.

ఒకరోజు నూనె గిన్నె ఆవిడ ఎడమ పక్కన స్టూలు మీద పెట్టి వేడినీళ్లకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి నేల మీద ఏడు చుక్కలు, వరసగా. మంచం దగ్గర కాదు, నేను కూర్చునే కుర్చీ ముందు. మంచం మీది మనిషి చెయ్యి అక్కడికి అందదు. వీధి తలుపు గడియ వేసే ఉంది, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అమ్మ ఎడమ చెయ్యి ఎప్పటిలాగే దుప్పటి మీద పడి ఉంది. చూపుడు వేలు మాత్రం నూనెతో మెరుస్తోంది. ఆ చెయ్యి ఎత్తి వదిలాను. చెక్కముక్కలా పడింది.

"ఎవరు పెట్టారమ్మా?" అన్నాను.

"నాకెటూ పెట్టట్లేదుగా. నీకైనా ఆయుష్షు ఉండాలి కదే," అంది. ఆ మాట ఎక్కడా ముద్ద కాలేదు.

భయం, సిగ్గు రెండూ కలిసి ఏడ్చేశాను. మర్నాటి నుంచి వంగి చుక్కలు పెట్టాను. పెట్టింది మూడు రోజులే. నాలుగో రోజు అమ్మ పోయింది.

ఆఖరి స్నానానికి తలకు నూనె పెట్టమన్నారు. వేలు ముంచి నేల మీదికి వంగాను. మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, పోయినవాళ్లకు పెట్టరే అంది. నేను రాసినా, తిన్నా అన్నీ కుడిచేత్తోనే. పెద్దమ్మ పట్టుకున్నది నా ఎడమ చెయ్యి.

ఇప్పుడా నూనె నేనే రాసుకుంటున్నాను. గిన్నె ముందు కూర్చోగానే నా ప్రమేయం లేకుండా ఎడమ చూపుడు వేలు అందులోకి వెళుతుంది. నాకు భయమే. అయినా ఏడో చుక్క పడేదాకా ఆ చేతిని ఆపను.