రంగు తెలియని కన్ను

జగన్నాథం గారు బొగ్గింజన్ల రోజుల్లో బిలాస్‌పూర్ షెడ్డులో క్లీనరుగా చేరి, మెయిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. టెక్కలి దగ్గర పల్లెబడిలో ఎనిమిదో తరగతి దాకానే చదువు. అయితేనేం, నలభై ఏళ్ల సర్వీసులో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటిన మనిషి కాదు. రెండుసార్లు అవార్డు అందుకున్నారు. కర్గీ రోడ్ స్టేషన్ దగ్గర పొగమంచులో పట్టాల మీద పడ్డ చెట్టును పసిగట్టి బండి ఆపారు. అంతటి చూపు, ఇంటికొచ్చిన ఆరేళ్లకే పోయింది. కంటి వెనక పొర ఎండిపోయిందన్నారు.

తమ్ముడి కూతురు ప్రసూన కృత్రిమ కన్ను తయారుచేసేవాళ్లలో ఒక ఇంజనీరు. కళ్లద్దాల్లోని చిన్న కెమెరా చూసినదాన్ని కంటి లోపలి బిళ్లకు పంపుతుంది. నిరుడు ఆయన కుడికంట్లో ఆ బిళ్ల అమర్చారు. అప్పట్నుంచీ నెలనెలా పరీక్షలే, ఇది పదకొండోది. వెలుగు మచ్చలు చూసీ చూసీ ఆయన ప్రాణం విసిగిపోయింది. ఈసారి రంగు పోల్చగలిగితే ఎడమకంటికీ ఇదే బిళ్ల వేస్తారు. లేదంటే బిళ్ల మార్చాలి, మరో ఏడాది ఆగాలి.

ప్రసూన బల్ల మీద నాలుగు దీపాల బొమ్మ సిగ్నల్ నిలబెట్టింది. "ఏటి కనబడతంది, పెదనాన్నా?"

ఇంజన్లో సిగ్నల్ కనపడగానే చెయ్యి చాచి బిగ్గరగా చెప్పాలని డ్రైవర్లకు రూలు. ఆయన చెయ్యి దానంతటదే లేచింది.

"డబుల్ ఎల్లో!"

దీపాలు మార్చింది.

"గ్రీన్!"

"ఏక్‌దమ్ సహీ!" ప్రసూన గెంతినంత పని చేసింది.

పక్క కుర్చీలోంచి ఆయన భార్య లక్ష్మీనరసమ్మ అందుకుంది. "పొద్దున్న నా ఎర్ర జాకెట్టుతో మొగం తుడుసుకుని తెల్ల తువ్వాలన్నారు. ఇప్పుడు పచ్చా పసుపూ తెలిసిపోనాయేటి?"

ప్రసూన అప్పటికే ఫలితం కాగితం మీద రాయబోతోంది. ఊరుకుంటే పరీక్షలు తీరిపోతాయి. రెండో కంట్లోనూ ఇవే మచ్చలు మిగులుతాయి.

"రాయకమ్మా," అన్నారు చివరికి. "రంగు నాకగుపించలేదు. రెండు దీపాలెలిగితే డబుల్ ఎల్లోయే. పైనుంచి రెండోదొక్కటే ఎలిగితే గ్రీనే. జాగా బట్టి సెప్పేసినాను. బొమ్మ తలకిందులు సెయ్యి."

ఆమె తిప్పి, ఒక్కో దీపమే వెలిగించింది. ఈసారి చెయ్యి లేవలేదు.

"ఒక దీపం. రంగు తెలీదు."

నాలుగుసార్లూ అదే జవాబు.

"అయితే ఇంకో ఏడాది, పెదనాన్నా." ప్రసూన దీపాలు ఆర్పేసింది.

"అచ్ఛా." ఆయన కళ్లద్దాలు తీసి ముక్కు నులుముకున్నారు. "వచ్చే నెల డేట్ సెప్పు. సిగ్నల్ బొమ్మ మాత్రం తేకు. సూడకుండానే సెప్పేస్తాను."